రెండో వేలు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా. ఆ చివరనున్నవాళ్ళు కూడా గోడ వదిలి ఇలా రండి. ఈ కథ గట్టిగా చెబితే బాగుండదు.

విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయం. గాయం తగిలినప్పుడు ఒంట్లోని రక్షక కణాలు ఏం చేస్తాయో అక్కడ ఆచార్య మృణాళిని గారు ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నారు. ఆవిడకో అలవాటు. శిష్యులు ఏదడిగినా నోటితో జవాబు చెప్పరు, వాళ్ళచేత ఏదో ఒకటి చేయిస్తారు.

ఆవిడ శిష్యురాలు నూకరత్నం. నర్సీపట్నం అవతల ఓ పల్లె. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయినా, కొడవలి గీసుకున్నా, అమ్మమ్మ పొలంగట్టు మీది గాయపాకు తెంపి, అరచేతిలో నలిపి పసరు పిండేది. అమ్మమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇల్లు కూలిపోయింది. ఫొటో ఒక్కటీ లేదు. మిగిలింది ఆ ఆకే. అది నిజమని లోకానికి చూపించాలనే నూకరత్నం ఈ చదువులోకి వచ్చింది.

రెండేళ్ళుగా ఒకటే పని. చిన్న పళ్ళెంలో చర్మకణాలను పొరలా పెంచి, సన్నని మొనతో మధ్యన ఒక గీత గీస్తుంది. ఆ గీతే గాయం. ఒక పళ్ళెంలో పసరు కలుపుతుంది, పక్క పళ్ళెంలో ఏమీ కలపదు. మర్నాడు ఏ గీత ఎంత పూడిందో కొలుస్తుంది. ప్రతిసారీ రెండూ ఒకేలా పూడేవి. ఆకు ఎండబెట్టి చూసింది, పచ్చిది చూసింది, చివరికి ఆ గట్టు మీదిదే తెప్పించి మరీ చూసింది. ఒకేలా.

ఆ సాయంత్రం కొలతల పుస్తకం మూసేసి అడిగింది: "మేడమ్, మా అమ్మమ్మ నన్ను మోసం చేసిందా?"

ఆవిడ సొరుగు తెరిచారు. రక్తపరీక్షకు వాడే కొత్త సూది తీసి తన ఎడమచేతి వేలికి పొడుచుకున్నారు. నెత్తుటి బొట్టు ఉబికింది.

"ఊఁ, కానియ్. మీ అమ్మమ్మ ఎలా చేసేదో, అలా."

నూకరత్నం కిటికీలోని కుండీనుంచి ఆకు తెంపి, నలిపి, పసరు పిండింది. ఆ వేలిని గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉఫ్‌మని ఊదింది. చేతి వెంటే నోరూ కదిలిపోయింది. "ఏడవకే పిచ్చిమొగమా! నువ్వేడిస్తే నెత్తురు వింత చూద్దారని ఇంకా బయటికొచ్చేద్ది!"

ఎవరితో అన్నదో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆచార్యులు నవ్వలేదు. గోడ గడియారం వంక చూస్తున్నారు. రెండు నిమిషాలకు నెత్తురు ఆగింది.

"చూశారా మేడమ్!" పిల్ల మొహం వెలిగిపోయింది.

ఆవిడ కుడిచేతి వేలికి కూడా పొడుచుకున్నారు. "ఇప్పుడు ఆకు లేకుండా."

"ఒక్క మనిషి, రెండు వేళ్ళు. పరిశోధన అని దీన్నెవరూ అచ్చు వెయ్యరు మేడమ్."

"అచ్చుకి కాదులే. ఆకు ఒక్కటే మానెయ్. మిగతాది ఏదీ తగ్గకూడదు."

నూకరత్నం వేలు పట్టుకుంది. ఊదింది. ఊరుకుంది.

"మరి ఇందాక తిట్టావే, అదీ?"

"ఏడవకే..." అంది నూకరత్నం. ఆ గొంతు తనది కాదనిపించింది. నాలుగేళ్ళుగా ఎక్కడ వెతికినా దొరకని అమ్మమ్మ గొంతు జీర తన నోట్లోంచే వస్తోంది. "...పిచ్చిమొగమా..." గుప్పిట ఇంకాస్త బిగించింది. రెండు నిమిషాలు గడిచాయి.

"ఆగిపోయింది," అంది తల దించుకుని. "ఆకు లేకపోయినా ఆగిపోయింది. ఇంక నాకేం మిగిలింది మేడమ్?"

అడిగిందే గాని గుప్పిట విప్పలేదు. ఆవిడా వేలు లాక్కోలేదు.

"ఆకు సంగతి మెల్లగా తేలుద్దాం," అన్నారు ఆచార్యులు. "రెండు వేళ్ళకీ అందింది మాత్రం ఒకటుంది. అది నీ పుస్తకంలో ఏ గడిలో రాయాలో నాకూ తెలీదు."

అంతేనర్రా. లేవండిక, అన్నాల వేళయింది. ఇంట్లో ఎవరైనా ముద్ద కలిపి పెడతామంటే, పెద్దవాళ్ళమైపోయామని ఆ చెయ్యి తోసెయ్యకండి.