కాడలు కోసిన చేయి

మీ చేతులు ఒకసారి చూసుకోండి. పొద్దున్నుంచి ఎన్ని మొగ్గలు గిల్లారు? చెబితే వినరు. ఇప్పుడైనా ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని వినండి.

తెరచాప ఓడలు తిరిగే కాలంలో మొగలిరేవు అనే పట్నం ఉండేది. అక్కడ గవరయ్య అనే అత్తరు వర్తకుడికి ఒక దీవి ముసలమ్మ కుండీలో పూలతీగ ఇచ్చింది.

"ఇది ఇంట్లో పెరిగే తీగ నాయనా. కిటికీ దగ్గర పెట్టు. పువ్వు కోసుకో, కాడ కోయకు. మళ్లీ ఏడు ఆ పాత కాడకే పూస్తుంది. కాడ లేకపోతే వెతుక్కుంటుంది."

"ఎక్కడ వెతుక్కుంటుంది?"

ముసలమ్మ అతని చేతుల వంక చూసింది.

తీగ మైనపు ముద్దల్లాంటి గుత్తులు పూసింది. రాజుగారి పాపకు అంతకుముందు నిద్రే లేదు. గవరయ్య కోటకు తెచ్చిన ఆ పూల వాసన తగలగానే నిద్రపోయింది. రాజు గవరయ్యకు శాలువా కప్పాడు. పూలు రాజుగారి బంగారు గిన్నెలో నిటారుగా నిలవాలని గవరయ్య అన్నిటినీ కాడలతో కోశాడు.

"కాడ వద్దన్నారు కదండీ," అంది భార్య చిలకమ్మ.

"నాకు నేర్పుతావా? కిటికీ బయటికి పోయిన ఆ రెమ్మ నీది. దానికే పూజ చేసుకో!"

మరుసటి ఏడు తీగ పూయలేదు. పాపకు మళ్లీ నిద్ర కరువైంది. రాజు కారణం అడిగాడు.

"తెగులు ప్రభూ," అన్నాడు గవరయ్య. ఇంటికొచ్చేసరికి తీగ కుండీ దిగి, అతని మంచంకోడు చుట్టుకుని ఉంది.

రాజు మళ్లీ అడిగాడు. "ఎండ చాలలేదు ప్రభూ." ఈసారి తీగ చేతికర్రను చుట్టుకుంది. తెంపితే పాలు కారాయి. అన్నం తిని లేచేసరికి మళ్లీ చుట్టుకుంది.

మూడోసారి రాజు గర్జించాడు. "కాడ కోస్తే ఆ తీగ మళ్లీ పూయదట. పోయినేడు పూలు కాడలతో వచ్చాయి. కోసిన చేయి నరికిస్తాను. ఎవరిది?"

"మా ఆవిడది ప్రభూ!"

చిలకమ్మను కోటకు పిలిపించారు. ఆ ఉదయమే తన రెమ్మకు విచ్చిన పూలను దోసిట్లో తెచ్చి పాప దిండు పక్కన పెట్టింది. పాప నిద్రపోయింది. రాజు పూలను తిప్పి చూశాడు. ఒక్కదానికీ కాడ లేదు.

"కోసిన చేయి ఇది కాదు," అన్నాడు.

"ఆయన్ని వదిలేయండి ప్రభూ," అంది చిలకమ్మ.

రాజు వదిలేశాడు. తీగ వదల్లేదు. ఇంటికొచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూలబడ్డ గవరయ్య దగ్గరికి మెల్లగా పాకి, అతని వేళ్లను ఒక్కొక్కటే తడిమింది, కాడలు ఎంచుకుంటున్నట్టు.

ఆనాటినుంచి ఏటేటా అతని పది వేళ్లకూ పది గుత్తులు పూశాయి. పువ్వు తెగినప్పుడల్లా కేక పెట్టేవాడు. చచ్చేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అన్నం చిలకమ్మే తినిపించేది.

మళ్లీ పూయవలసిన చోటును కోసి, ఆ తప్పును ఇంకొకరి మీద వేసినవాడు, దాని మూల్యం తన ఒంటితోనే చెల్లిస్తాడు.