ఆకు అడుగు చూసిన గవర్రాజు

దేవుడు ఊరందరికీ తెలివి చెంచాతో పెడితే, తమ ఇంట్లో మాత్రం గంపతో పోశాడని గవర్రాజు నమ్మకం. పెళ్ళాం చిట్టెమ్మా, బావమరిది పెంటయ్యా కూడా అదే నమ్మేవారు. మిగతావాళ్ళు నమ్మలేదంటే అది వాళ్ళ తెలివితక్కువతనం, ఏం చేస్తాం!

ఆ ఏడు అమ్మవారి సంబరంలో ఊరంతటికీ తోటకూర పులుసు తనదేనని గవర్రాజు మీసం మెలేసి మరీ మాటిచ్చాడు. వారం ఉందనగా మడిలో ఓ మూల ఆకుల మీద పసుపు మచ్చలు లేచాయి. తోటకూర పోతే మళ్ళీ మొలుస్తుంది, పరువు మొలవదు కదా! గవర్రాజు పరుగున వెళ్ళి వ్యవసాయాఫీసు మేడంని పిలుచుకొచ్చాడు.

ఆవిడ ఒక ఆకు తిప్పి చూపించింది. అడుగున తెల్లటి పొక్కులు.

"ఇది తెల్ల తుప్పు తెగులు. కోత దగ్గరపడింది, మందు కొట్టకండి. ఆకులు తడిగా ఉంటే ఇంకా పెరుగుతుంది. నీళ్ళు మొక్క మొదట్లోనే పెట్టండి. జబ్బాకులు కోసి దూరంగా కాల్చేయండి. ఏ ఆకునీ అడుగు తిప్పి చూడకుండా నమ్మొద్దు."

"మాకు ఒకసారి సెప్తే సాలు మేడమ్మా," అన్నాడు గవర్రాజు.

మర్నాడు పొద్దున చూస్తే ఆకుల నిండా మంచు. తడి! ఇంకేముంది, ముగ్గురూ ఒకే తువ్వాలు పట్టుకుని ఆకు ఆకూ తుడిచారు.

"ముందు జబ్బాకుల్నే తుడవాల బావా. పాపం, ఒంట్లో బాగోనిది ఆటికే కదా," అన్నాడు పెంటయ్య. ఆ తెలివికి గవర్రాజు కళ్ళు చెమర్చాయి. జబ్బాకు తుడిచిన గుడ్డతోనే మంచి ఆకునీ తుడిచి, నాలుగు రోజులు సేవ చేశారు. మూలనున్న తెగులు మడంతా పాకింది.

"జబ్బాకులు కోసెయ్యమంది గదా," అంది చిట్టెమ్మ. అంతే, అన్నీ జబ్బాకులే కాబట్టి అన్నీ కోసేశారు. దూరంగా అంది కాబట్టి మూడు ఊళ్ళు దాటి వెళ్ళి కాల్చొచ్చారు. మడిలో కాడలు మిగిలాయి.

"రేపే సంబరం! నా పరువేటైపోద్ది?" అని గవర్రాజు చతికిలబడ్డాడు.

"జబ్బాకులు తీసేసిన తోటకూర పులుసు కాద్దాం బావా," అన్నాడు పెంటయ్య. కాశారు. చింతపండు నీళ్ళు బాగానే మరిగాయి.

మర్నాడు భోజనాల బంతిలో మొదట కూర్చున్న ఊరిపెద్ద సన్యాసినాయుడు పులుసంతా గాలించి, "ఒరే గవర్రాజూ, ఇందులో తోటకూరేదిరా?" అన్నాడు.

"జబ్బు సేసిందని తీసేశాం బాబూ. తవరికి సోకితేనో?" అంటూ గవర్రాజు కిందికి చూశాడు. బంతి పొడుగునా అరిటాకులు! ఒక్కదాని అడుగైనా ఎవరూ చూడలేదు! ఊరు ఊరంతా ఎంత అజాగ్రత్త! అంతే, నాయుడి ఆకు పట్టుకుని తిప్పేశాడు. అన్నమూ పులుసూ ఆయన ఒళ్ళోకి జారాయి. వడ్డనలో కింద రాలిన నాలుగు మెతుకులు ఆకు అడుగున అంటుకుని ఉన్నాయి, తెల్లగా.

"తెల్ల పొక్కులు! ఒరే పెంటయ్యా, గంప తేరా!" అని గవర్రాజు బంతంతా ఆకులు లాక్కుంటూ పోయాడు. హమ్మయ్య, పరువు దక్కిందనుకున్నాడు. వెనకాలే అగ్గిపెట్టె పట్టుకుని చిట్టెమ్మ పరిగెత్తింది.