కొండెక్కని పాలగిన్నె

ఒకానొక రాజ్యంలో, దాని పేరూ ఊరూ మనకిప్పుడు అనవసరం, ఉత్తుంగభూపతి అనే రాజు ఉండేవాడు. దేవుడు ఆయనకు అన్నీ ఇచ్చాడు, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఒక్కటి తప్ప. ఆయన కొలువులో బయ్యన అనే మాటకారి ఉండేవాడు. రాజుకు మంచీ చెడూ చెప్పడం అతని ఉద్యోగం. పదకొండేళ్లలో ఒక్క మాటనూ చివరిదాకా చెప్పనిచ్చిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు. బయ్యన తల ఊరికే నెరిసిందా మరి?

ఒకసారి రాజు పొరుగు రాజ్యంలో పెళ్లికి వెళ్లాడు. అక్కడి రాజుగారి పల్లకి మోసే నలుగురు బోయీలూ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే రకం మీసం. అచ్చులో పోసినట్టున్నారట. అది చూసినప్పటి నుంచి మన రాజుకు తిండి సహించలేదు. ఇంటికి రాగానే తన బోయీలను వరుసగా నిలబెట్టి చూసుకున్నాడు.

ఎర్రప్ప, మస్తాను బాగా పొట్టి. సోమ్లా, పైడయ్య బాగా పొడుగు. సోమ్లా కొండల అవతలి తండా నుంచి వచ్చినవాడు, తెలుగు సగమే వచ్చు. పైడయ్యకు చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. ఆ నలుగురూ ఇరవై ఏళ్లుగా ఒకే పల్లకి కింద భుజాలు కాయలు కాయించుకున్నారు.

"ఇది పల్లకీయా, సంతా?" అన్నాడు రాజు.

అంతే, ఆ పూటే నలుగురికీ ఉద్వాసన. కోట కాపలావాళ్లలో సరిసమానమైన ఎత్తున్న నలుగురిని ఏరి పల్లకికి పెట్టారు. ముందు మోసేవాడు "రాయుంది", "మెట్టుంది" అని కేకేస్తే వెనకవాళ్లు "ఓహో" అని అందుకోవడం బోయీల పద్ధతి. అది మోటుగా ఉందని రాజు ఆ కేకలు కూడా మానిపించాడు.

ఎర్రప్ప వచ్చి బయ్యన వాకిట్లో కూలబడ్డాడు. తాము ముగ్గురూ ఏవో మూటలు మోసి బతుకుతారు. పైడయ్యకు పని ఎవరిస్తారు? పల్లకి పోతే వాడు చిప్ప పట్టుకోవలసిందేనని కళ్లు తుడుచుకున్నాడు.

బయ్యన వెంటనే రాజు దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, ఆ పొట్టివాళ్లు పల్లకికి ఎందుకున్నారంటే" అనేసరికే రాజు "తెలుసు, తెలుసు" అని చెయ్యి ఊపేశాడు. ఏం తెలుసో ఆ పైవాడికే ఎరుక. బయ్యనకు ఒళ్లు మండిపోయింది. ఈయనకు మనిషి చెబితే ఎక్కదు, కొండే చెప్పాలి అనుకుని ఇంటికి వచ్చేశాడు.

కొండ సంగతేమిటంటే, ఆ ఊరి కొండ మీద అమ్మవారి గుడి ఉంది. ఏటా శ్రావణమాసంలో రాజు పల్లకిలో కూర్చుని, నిండు పాలగిన్నెను తన చేతుల్తో పట్టుకుని పైకి తీసుకెళ్లాలి. ఒక్క చుక్క ఒలికినా కిందికి దిగి మళ్లీ మొదటి మెట్టు నుంచి బయలుదేరాలి. మధ్యాహ్నం గంట మోగేలోగా గిన్నె గుడి చేరాలి. తాతల నాటి మొక్కు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఒలకలేదు. ఎందుకు ఒలకలేదా అని మన రాజు ఎన్నడూ ఆలోచించనూ లేదు.

ఆ రోజు రానే వచ్చింది. బయ్యన నాలుగు కడవల పాలు తెప్పించాడు. ఆ కడవలు మోయడానికి ఎవరిని పిలిచాడనుకున్నారు? పాత బోయీలనే. ఒక్క గిన్నెకు నాలుగు కడవలెందుకని రాజు గద్దించాడు. ఉండనీండి, పండగ కదా అన్నాడు బయ్యన.

పల్లకి లేచింది. ఇరవై మెట్లు ఎక్కారో లేదో, ముందువైపు పైకి లేచి వెనకవైపు కిందికి దిగింది. రాజు వెనక్కి ఒరిగాడు. గిన్నెలో పాలు మీసం మీదుగా పట్టు అంగీలోకి పోయాయి. రాజు భటులను తిట్టాడు. అందరూ కిందికి దిగారు.

రెండోసారి వెనక భటులకు మెట్లు కనబడక పక్కకు వంగి చూడబోయారు. పల్లకి ఊగింది, పాలు ఒళ్లో పడ్డాయి. పాలు మరీ పల్చగా ఉన్నాయన్నాడు రాజు. మళ్లీ దిగారు.

మూడోసారీ అదే తంతు. రాజు ఒళ్లంతా ఈగలు ముసిరాయి. ఎండ నెత్తికెక్కుతోంది. మెట్లు ఎక్కీ దిగీ అందరికీ విసుగొచ్చింది, చెబుతున్న నాకే విసుగొస్తోంది. రాజు మాత్రం తప్పు తనదంటేనా?

"ఈ కొండే వంకర. దీన్ని చదును చేయించండి" అని ఆజ్ఞాపించాడు.

బయ్యన వినయంగా వంగి దండం పెట్టాడు. "చిత్తం ప్రభూ. వెయ్యి మంది రాళ్లు కొడితే ఇరవై ఏళ్లలో చదునవుతుంది. అందాకా తమరు ఇక్కడే గిన్నె పట్టుకుని కూర్చోవాలి. అంత ఆగలేమంటే ఇంకో దారుంది. ఎర్రప్ప ఇప్పటికే పొట్టిగా ఉన్నాడు."

రాజు నోరు తెరిచాడు. ఈసారి తెలుసు అనలేదు. "అంటే?" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం బయ్యన పదకొండేళ్లు కాచుకున్నాడు. ఎక్కేటప్పుడు పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక ఉంటేనే పల్లకి సమంగా నిలుస్తుందనీ, దిగేటప్పుడు పొడుగువాళ్లు ముందుకొస్తారనీ చెప్పాడు. రాజు కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే, ఆ ముగ్గురినీ రమ్మను. కళ్లు లేనివాడు వద్దు. మెట్ల మీద వాడితోనా?"

ఎర్రప్ప పాల కడవ కింద పెట్టాడు. "వాడు లేకపోతే మేమూ రాం మారాజా. నలుగురం అయితేనే పల్లకి. కేక కూడా మాకు కావాలి."

భటులు బిత్తరపోయి చూశారు. రాజు ముఖం ఎర్రబడింది. బయ్యన చప్పున అందుకున్నాడు.

"ప్రభూ, వెనక మోసేవాడికి పల్లకి తప్ప ఏం కనిపిస్తుంది? కళ్లున్నవాడు కాళ్ల కిందికి చూడాలని వంగుతాడు, అది తమరి అంగీయే చెబుతోంది. పైడయ్య వంగడు. ఎక్కేటప్పుడు ఎర్రప్ప కేక, దిగేటప్పుడు సోమ్లా కేక విని అడుగేస్తాడు. ఇరవై ఏళ్లుగా తమరిని మోసింది ఆ నమ్మకమే."

రాజు తన అంగీ చూసుకున్నాడు, నెత్తి మీది సూర్యుణ్ణి చూశాడు. "కానివ్వండి" అన్నాడు.

ముందు ఎర్రప్ప, మస్తాను. వెనక సోమ్లా, పైడయ్య. "మెట్టుంది" అని ఎర్రప్ప కేకేస్తే పైడయ్య "ఓహో" అన్నాడు. నోరు తెరిస్తే పాలు కదులుతాయని రాజు పెదవి కదపలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంతసేపు ఊరుకున్నది అదే మొదటిసారి. మధ్యాహ్నం గంట మోగే వేళకు గిన్నె గుడి గడప దగ్గరుంది, చుక్క తగ్గలేదు.

పూజ అయ్యాక రాజు బయటికొచ్చి పల్లకి బొంగు చేత్తో తడిమి చూశాడు. ఏం తోచిందో ఏమో, ఎర్రప్పను పిలిచాడు.

"ఒరే ఎర్రప్పా, నేనే గనక మోయవలసి వస్తే నన్నెక్కడ నిలబెడతావు?"

ఎర్రప్ప రాజును కిందినుంచి పైదాకా ఓసారి చూశాడు. మళ్లీ పైనుంచి కిందిదాకా చూశాడు.

"తమరు పొట్టీ కాదు, పొడుగూ కాదు మారాజా. మోతకు పనికిరారు. లోపల కూసోండి."

రాజు ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గుడి మెట్టు మీద చతికిలబడ్డాడు. అది చూసి భటులూ నవ్వారు, ఏమైందో చూడలేకపోయినా పైడయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ నలుగురి కొలువూ వాళ్లు బతికున్నన్నాళ్లు చెల్లుతుందని రాజు అక్కడే మాటిచ్చాడు. ఒక్కొక్కడికీ వెండి కడియం తొడిగించాడు. తన భుజం మీది జరీ శాలువా తీసి బయ్యనకు కప్పాడు. అది పుల్లటి పాల కంపు కొడుతోంది. అయినా బయ్యన ఇల్లు చేరేదాకా దాన్ని తీయలేదు.