నక్క ఎక్కిన పీపా

మా తీరంలో అలలకు ఒక్క పూట కూడా సెలవు లేదు. అంత మొండి సముద్రాన్ని పక్కన పెట్టుకుని, ముసలి ఎద్దు సింహాద్రి చేత చక్రం తిప్పించేవాళ్ళం. అదీ మా తెలివి. ఆ చక్రం తిరిగితేనే కరెంటు పుట్టి రేవులో దీపం వెలుగుతుంది. దీపం లేకపోతే చేపల వేటకు వెళ్ళిన నీటికుక్కలు చీకట్లో రాళ్ళకు కొట్టుకుని చస్తాయి. ఎద్దును ఆ పనికి కట్టినందుకు రోజూ చేపల్లో పెద్ద వాటా నక్కది.

సింహాద్రి మోకాళ్ళు వాచిపోయాయి. అది చూడలేక పైడమ్మ అనే నీటికుక్క ఒక ఖాళీ పీపాను అలల మీద వదిలింది. దాని తాడును నీళ్ళలో పాతిన ఎత్తయిన గుంజ మీదుగా తెచ్చి చక్రానికి చుట్టి, చక్రానికి అవతలి వైపు ఒక రాయి వేలాడదీసింది. అల దిగితే పీపా లాగుతుంది, అల లేస్తే రాయి వెనక్కి లాగుతుంది.

"ఏటే పైడమ్మా, సముద్రం మెడకే కాడి కడతావా?" అంది నక్క.

"కడతాను మావా. పొద్దుగూకేసరికి దీపం ఎలిగితే సింహాద్రి తాతను వదిలేయాల."

"ఎలగకపోతే?"

"సచ్చేదాకా నానే తిప్పుతాను," అంది సింహాద్రి. "మా పిల్ల మీద నాకు నమ్మకముంది."

నక్క సరేనంది.

పొద్దుగూకింది. చక్రం కదిలింది గానీ, దీపం మిణుకుమని ఆరిపోతోంది. ఖాళీ పీపాకు లాగే బలం చాలడం లేదు. పైడమ్మ తమ్ముళ్ళు ఇంకా సముద్రంలోనే ఉన్నారు.

నక్కకు ఆ మిణుకు కూడా నచ్చలేదు. చాటుగా ఈదుకెళ్ళి పీపా ఎక్కి కూర్చుంది. తన బరువుకు అదిక కదలదనుకుంది.

అల వచ్చి పీపాను నక్కతో సహా లేపింది. అల దిగగానే నక్క బరువంతా తాడు మీద పడి చక్రం గిర్రున తిరిగింది. దీపం ధగధగా వెలిగింది. ఆ వెలుగులో పీపా మీద నక్క అందరికీ కనిపించింది.

"బరువు సాల్లేదు తాతా, అంతే," అంది పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"నన్ను దింపండ్రా, కడుపులో తిప్పేస్తంది," అని, ఆ ఊపులో దూకడానికి భయపడి పీపాను కరుచుకుని మొరపెట్టుకుంది నక్క.

"ఉండు మావా. మనోళ్ళందరూ ఒడ్డెక్కనీ. రేపు నీ బదులు రాళ్ళు కడతాను."

అందరూ క్షేమంగా ఒడ్డెక్కారు. కాడి దిగిన మెడను పైకెత్తి సింహాద్రి వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది.

"ఇన్నాళ్ళూ నాను తిప్పిందే గొప్పనుకున్నాను. మా పిల్ల సముద్రం సేత తిప్పించింది."

మంచి పనిని అణిచేయాలని దాని మీదెక్కి కూర్చుంటే, మన బరువు కూడా ఆ పనికే ఉపయోగపడుతుంది.