నూకాలి పుట్టింటి అలవాటు

అనగనగనగా, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో గవర్రాజని ఒకడు. ఎంత పిరికోడంటే, బల్లి టిక్కుమంటే మంచమెక్కేవాడు, పిల్లి మ్యావంటే అటకెక్కేవాడు. నవ్వకండర్రా, మీ తాతా అంతే.

వాడికి నూకాలుతో పెళ్ళయింది. బంగారంలాంటి పిల్ల. తల్లీతండ్రీ పోతే మేనత్త చేరదీసి పెళ్ళి చేసింది. మరి మీ నాన్నేం చేసేవాడే అని మొగుడు అడిగితే చాలు, "చారు పొంగిపోతోంది మావా" అని వంటింట్లోకి తుర్రు. పొయ్యి మీద చారే లేదు!

ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీస్తూ గుర్ర్ర్ అంది. గురక కాదర్రా, గుర్ర్ర్! ఏంటే అదంటే, "పుట్టింటి అలవాటు మావా" అంది. ఇంకోరోజు నిమ్మకాయ కింద పడింది. చేత్తో తీయాలా? అబ్బే! వెనక్కి విల్లులా వంగి పళ్ళతో తీసింది. ఏంటే అదంటే ఏమంది? ఆఁ, మీరే చెప్పండి... "పుట్టింటి అలవాటు మావా!" ఎక్కడైనా డప్పు మోగిందా, గదిలోకెళ్ళి గడియ పెట్టేసేది. లోపల దబదబా గెంతులు, బయట మొగుడికి గడగడా వణుకు.

ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి మరి!

గుర్రుమంటోంది, వంగుతోంది, గెంతుతోంది... ఇది ఆడది కాదు, ఆడపులి! అనుకున్నాడు గవర్రాజు. కడుపు నిండుంటే తనని తినదు కదా అని పొద్దున గారెలు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం బొబ్బట్లు తెచ్చి తెచ్చి పెట్టాడు. మా మావకి నేనంటే ఎంత ప్రేమో అని ఆ పిచ్చిది మురిసిపోయింది.

చివరికి వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ, "నీ ఒంట్లో ఏముందిరా ఎముకలు తప్ప? కండున్నది నాకు! ముందు నన్నే తింటుంది. దసరాకి వాళ్ళ మేనత్త దగ్గరికి పంపించెయ్" అంది. సరేనన్నాడు గానీ, ఆ రోజునుంచి వాడికి ముద్ద దిగలేదు.

దసరా వచ్చింది. గుమ్మంలో బండి. చేతిలో మూటతో నూకాలు. సరిగ్గా అప్పుడే పులివేషాలోళ్ళు వీధిలోకొచ్చారు. డప్పు డండనక డండనక! పులివేషగాడు మేకని పళ్ళతో ఎత్తి విసరాలి, ఆ ఆటకి అదే గొప్ప. వాడు వంగాడు, మేక కుమ్మింది, వాడు కాలవలో పడ్డాడు. ఊరంతా గొల్లున నవ్వింది.

నూకాలు ఆగగలదా? మూట పడేసింది, కొంగు బిగించింది, ఒక్క గెంతు! మేకని పళ్ళతో పట్టి భుజం మీంచి వెనక్కి విసిరేసింది. మేక మేఏఏ! అత్తగారు "పులిరోయ్!" అని బండెక్కింది. ఎద్దులు బెదిరి ఆవిడతో సహా పరారు.

నూకాలు మొహం చిన్నబోయింది. మూట తీసుకుని నడక మొదలెట్టింది. గవర్రాజు ఒకడుగు ముందుకేసి, రెండడుగులు వెనక్కేశాడు. అయినా పరిగెత్తుకెళ్ళి ఎదురు నిలబడ్డాడు.

"వెళ్ళకే నూకాలూ! పులైతే పులివి. తింటే తినేయ్. కానీ కాళ్ళ దగ్గర మొదలెట్టకు, నాకు చక్కిలిగింతలు!"

నూకాలు నవ్వీ నవ్వీ రోడ్డు మీదే కూలబడింది. "ఓరి నా పిచ్చి మావా! మా నాన్న పులివేషం కట్టేవాడు. కొడుకుల్లేరని నాకే రంగులేసి ఆడించేవాడు. ఆ సంగతి తెలిస్తే మొగుడు ఏలుకోడని మా మేనత్త ఒట్టేయించుకుంది. నువ్వొదిలేస్తావని నాకు భయం."

"నువ్వు తినేస్తావని నాకు భయం!"

ఆ మరుసటేడు నుంచి నూకాలే పులి, గవర్రాజే చెక్క తుపాకీ వేటగాడు. ఆట చివర్లో వేటగాడు పులిని కాల్చాలి. ఎక్కడ కాలుస్తాడు? అది గుర్రుమనగానే తుపాకీ పారేసి పరుగో పరుగు! ఇప్పటికీ ఆ ఊళ్ళో పులే వేటగాణ్ణి తరుముతుందంట, అత్తగారు అరుగెక్కి ఈలేస్తుందంట.

అందుకే పిల్లలూ, ఇంట్లోవాళ్ళ దగ్గర ఏదీ దాచకండి, దాస్తే ఇద్దరికీ వణుకే. కథేమో కంచికి బయల్దేరింది, మనం దుప్పట్లోకి దూరదాం.