టాపు లేని కారు

బెజవాడ ఆటోనగర్‌లో కార్ల బాడీ పని నేర్పే వీరభద్రాచారి గారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళను ఏదో పనిలోకి తోసి, తాను టీ తాగుతూ కూర్చునేవారు. శిష్యులకు ఒళ్ళు మండేది గానీ, ఒక్కరూ వదిలి వెళ్ళేవారు కాదు.

ఆ శిష్యుల్లో హైమావతి ఒకతె. ముప్ఫై దాటాక వెల్డింగు చేతపట్టిన మనిషి. ఒకరోజు గురువుగారిని సూటిగా అడిగింది.

"ఇంట్లో అందరూ నన్ను మొండిఘటం అంటున్నారండీ. నేనేమో పట్టుదల అనుకుంటున్నాను. ఈ రెంటికీ తేడా ఏమిటండీ?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. పెళ్ళి ఊరేగింపులకు సొంతంగా టాపు లేని కారు తిప్పాలని ఆమె కోరిక. తెనాలిలో అలాంటి పాత కారొకటి అమ్మకానికి ఉందని తెలిసింది. దాన్ని కళ్ళతో చూడకముందే, అన్న కూతురు సుభాషిణి ఊరేగింపు అందులోనే అని మాటిచ్చేసింది. వదిన వైపు వాళ్ళు అప్పుడే ఎకసెక్కాలు మొదలుపెట్టారు.

"ముందు కారు చూద్దాం పదమ్మా," అన్నారు ఆచారి గారు.

తెనాలిలో ఆ కారు ఎర్ర రంగు చూడగానే హైమావతి మనసు పారేసుకుంది. ఆయన రంగు వంక చూడనే లేదు. తలుపు తీసి వేశారు, చక్కగా పడింది. వెనక చక్రానికి కాస్త ముందు జాకీ పెట్టించి, చక్రం నేల వదిలాక, "ఇప్పుడు తియ్యి," అన్నారు. తలుపు రాలేదు. ఆమె రెండు చేతులా లాగితే కీచుమంటూ వచ్చింది గానీ, మళ్ళీ పడలేదు. తలుపుల కింద చక్రం నుంచి చక్రం దాకా పోయే ఇనుప దూలానికి అయస్కాంతం ఆనిస్తే జారి కిందపడింది. రంగు కింద ఉన్నది ఇనుము కాదు, తుప్పును కప్పెట్టిన పుట్టీ.

"మామూలు కారుని పైనుంచి టాపు కూడా పట్టి ఉంచుతుంది. దీనికి ఆ దిక్కు లేదు. సత్తువంతా అడుగునే ఉండాలి," అన్నారాయన.

"గట్టి చేస్తే నిలబడుతుందాండీ?"

"సరిగ్గా చేస్తే."

ఆ 'సరిగ్గా' అన్న మాట ఆమె చెవికెక్కలేదు. కారు కొనేసింది.

ఆచారి గారు ఊరెళ్ళిన వారంలోనే పని మొదలుపెట్టింది. ముందొక జత, వెనకొక జత స్టాండ్ల మీద కారు ఎక్కించి, కుళ్ళిన దూలాలు కోసి కొత్తవి వేసింది. అడుగున అడ్డంగా గట్టి గొట్టాలు వెల్డు చేసింది. ఉడుంపట్టు పట్టి చేసింది, తిండి ధ్యాస కూడా లేదు. తీరా కిందికి దించితే, తలుపులు పైఅంచున రాసుకుంటున్నాయి. పెళ్ళి దగ్గర పడుతోంది. గ్రైండరు అందుకుని అంచులు అరగదీసింది. తలుపులు పడ్డాయి.

గురువుగారు రాగానే తనే జాకీ పెట్టి చూపించింది. చక్రం లేచింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కారు కిక్కురుమనలేదు. హైమావతి ముఖం వెలిగిపోయింది.

ఆచారి గారు తలుపు అంచు మీద వేలు పోనిచ్చారు. "ఇదెందుకు అరగదీశావు?"

"రాసుకుంటోందండీ."

"నడుం జారిందని అది మొత్తుకుంటుంటే, దాని నోరు నొక్కావన్నమాట."

హైమావతికి అప్పుడర్థమైంది. రెండు చివర్లా ఎత్తి మధ్య దూలం కోసినప్పుడే కారు నడుము కిందికి జారింది. ఆ జారిన నడుమునే తను కొత్త ఇనుముతో బిగించేసింది. ఎంత బాగా బిగించిందంటే, ఇక కోస్తే తప్ప అది సరికాదు.

ఏడుపు ముంచుకొచ్చింది. "పెళ్ళి గురువారమేనండీ. ఇట్లాగే నడిపితే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన టీ గ్లాసు అందుకున్నారు.

ఆ వంకర బండిలో పెళ్ళిబట్టలతో కూర్చున్న సుభాషిణి ఆమె కళ్ళముందు మెదిలింది. వదినకు ఫోను చేసి, "కారు రాదు, ఇంకో బండి చూసుకోండి వదినా," అంది. అవతల ఎవరో పకపకా నవ్వారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫోను పక్కన పెట్టి, తన వెల్డులు తనే కోయడం మొదలుపెట్టింది. నడుము కింద జాకీ పెట్టి, తలుపు సందు పైనా కిందా సమానమయ్యేదాకా కొంచెం కొంచెంగా లేపింది. అది మళ్ళీ జారకుండా తలుపు ఊడదీసి, ఆ ఖాళీలో కమ్మీలు అడ్డం కొట్టి, అప్పుడు వెల్డు పెట్టింది. అరగదీసిన అంచులకు కొత్త పట్టీలు అతికించింది.

ఊరేగింపు అద్దె జీపులో జరిగిపోయింది. పదహారు రోజుల పండగకు వచ్చిన సుభాషిణి, "నీ కారెక్కందే వెళ్ళను అత్తా," అని పేచీ పెట్టింది. కొత్త దంపతుల్ని ఎక్కించుకుని హైమావతి గతుకుల కరకట్ట మీద నడిపింది. ఎదుటి అద్దం వణకలేదు. ఆమెకు పట్టరానంత సంతోషం కలిగింది.

తిరిగొచ్చాక గురువుగారి దగ్గర నిలబడింది. "అన్నీ అయ్యాయి గానీ, నా ప్రశ్నకు మీరు జవాబే చెప్పలేదండీ."

"రెండుసార్లూ బిగించింది నువ్వే కదమ్మా, ఒకసారి తలుపు నోరు నొక్కి, ఇంకోసారి దాని మాట విని," అన్నారు ఆచారి గారు. "నన్నడుగుతావేం? వెళ్ళి ఆ తలుపు తీసి చూడు."