మోకుగంగమ్మకు ఒంటిచేతి దండం

రాయలసీమ ఎర్రగుట్టల నడుమ బస్సు దిగి కాసేపు నడిస్తే మోకులపాడు వస్తుంది. ఊరి చివర రాతికట్టు బావి, దాని గట్టు మీద శ్రీ మోకుగంగమ్మ తల్లి చిన్న గుడి ఉన్నాయి. అమ్మకు ముఖం లేదు. చుట్టచుట్టిన తాడులాంటి నల్లరాయికి పసుపు పూసి కొలుస్తారు. ఈ చుట్టుపక్కల బిడ్డ పుట్టినా, కొత్తకోడలు గడప దాటినా, ఆఖరికి పోయిన కరెంటు వచ్చినా "గంగొచ్చెనో" అని కేక వేస్తారు. వాన లేదు, ఏరు లేదు, గంగ ఎక్కడ వచ్చిందని కొత్తవారు నవ్వుకుంటారు. ఆ కేక ఊరికి ఎట్లా దక్కిందో తెలిస్తే నవ్వు రాదు.

పూర్వం ఇక్కడ వరుసగా కరువులు వచ్చాయి. చంటిబిడ్డల నాలుకలు పిడచకట్టుకుపోతుంటే ఊరివారు బావులు తవ్వే వెంగన్న గుంపును బతిమాలి తెచ్చుకున్నారు. ఆ గుంపులో ఓబులేసు అనే పడుచువాడు, అతని భార్య తిప్పమ్మ ఉండేవారు. అతడు లోపల రాయి కొట్టేవాడు. ఆమె గట్టు మీద మరో ముగ్గురితో కలిసి మోకు పట్టేది. పగలంతా ఆమెకు మొగుడంటే ఆ లావుపాటి నారతాడే. అది కదిలితే అతడు కదిలినట్టు, బిగిస్తే పిలిచినట్టు.

ఆ రోజు దిగబోతూ ఓబులేసు ఎప్పటిలాగే వేళాకోళమాడాడు.

"గట్టిగా పట్టుకో మే. వదిలితే గంగమ్మతోనే కాపురం పెట్టేస్తా."

"పెట్టుకో పో. ఆ యమ్మ నీకు సంగటి ఎట్లా గెలుకుతాదో చూస్తా" అంది తిప్పమ్మ. అందరూ నవ్వారు.

నీరు పడిందన్న మాట చెవిన పడగానే రెండు చేతులూ జోడించి పైకెత్తాలన్నది ఆ గుంపు కట్టుబాటు. ఎత్తనివారి వంశానికి నీటిచుక్క దక్కదని వెంగన్న అందరికీ నూరిపోశాడు. అందుకే తవ్వేవాడు గట్టెక్కాకే ఆ మాట పలకాలి.

మధ్యాహ్నం గడ్డపార దెబ్బకు రాయి పగిలి ఊట చిమ్మింది. ఓబులేసు మోకు ఉచ్చులో కూర్చుని లాగమని గుంజాడు. నలుగురూ లాగారు. సగం దూరం వచ్చేసరికి తిప్పమ్మకు అతని తడిసిన తల, ముఖం నిండా నవ్వు కనబడ్డాయి. అంత సంతోషాన్ని గట్టు దాకా మోయలేకపోయాడు కాబోలు, అక్కడినుంచే "గంగొచ్చెనో" అని కేక వేశాడు.

నలుగురి చేతులూ ఒక్కసారే లేచాయి. మిగతావాళ్ళు పట్టుకునే ఉంటారని ఎవరికి వారే అనుకున్నారు. కళ్ళు మూసుకుని మొక్కిన తిప్పమ్మకు గిలక గిరగిరా తిరిగిన చప్పుడు వినబడింది. కళ్ళు తెరిచేసరికి మోకు కొస బావిలోకి జారిపోతోంది. అడుగున మోకాలి లోతు నీళ్ళు, వాటి కింద రాయి.

ఇంకో తాడు వేసి అతణ్ణి పైకి తీశారు. అప్పుడు తోడిన నీళ్ళు ఎర్రగా వచ్చాయి. ఎర్రమట్టి అన్నాడు వెంగన్న. కాదని అందరికీ తెలుసు. అయినా దప్పిక ఆగలేదు. తల్లులు కొంగులో వడకట్టి బిడ్డలకు పట్టారు. తిప్పమ్మ ఒక్కతే తాగలేదు.

ఆ పైన సంతోషంతో కేక వేయడానికే జంకి ఊరు మూగబోయింది. పెళ్ళికి డప్పు మోగలేదు. బిడ్డ పుడితే తలుపులు వేసుకునేవారు. బావిలో నీళ్ళు కూడా నానాటికీ అడుగంటసాగాయి. గుంపు వెళ్ళిపోయినా తిప్పమ్మ వెళ్ళలేదు. గట్టున కూర్చుని ఖాళీ అరచేతులు చూసుకునేది. చివరికి తనూ అదే బావిలో దూకాలని మనసు రాయి చేసుకుంది. దూకబోయే ముందు, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎందుకో కునుకు పట్టింది.

కలలో జుట్టునిండా నీళ్ళు కారుతున్న ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. "నన్ను ఎవరూ పిలవరేం మే?" అని అడిగింది.

"నిన్ను పిలిచే కదా తల్లీ, నా మొగుడు పోయినాడు."

"పిలుపు చంపలేదు. రెండు చేతులూ నాకే కావాలని ఎవరు చెప్పినారు మీకు? నాకు ఒకటి చాలు. రెండోది మనిషిని పట్టుకునేదానికి."

మొగుణ్ణి తిరిగి ఇమ్మంది తిప్పమ్మ. గంగమ్మ తల అడ్డంగా ఊపింది. పోయిన ప్రాణం తేవడం తనకు చేతకాదనీ, మోకు మాత్రం ఇస్తాననీ చెప్పింది.

మెలకువ వచ్చేసరికి నీళ్ళు గట్టుదాకా నిండి ఉన్నాయి. నీటి మీద మోకు చుట్టగా తేలుతోంది. తిప్పమ్మ ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి, మొగుడు వేసిన కేకే వేసింది. ఆ కేకలో సంతోషం లేదు. పరుగెత్తుకొచ్చిన ఊరివారు అందుకుని వేసిన కేకలోనే అది మెల్లగా పుట్టింది. ఆమె ఆ నీళ్ళు కుడిచేతి పుడిసిట పట్టి మొదటిసారి తాగింది. కాలం గడిచి ఆ మోకే నల్లరాయిగా వెలిసింది.

నేటికీ వైశాఖ మాసపు జాతరలో మొదటి కేక మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషే వేయాలి. ఒంటిచేత్తో దండం పెట్టడం ఏ గుడిలోనైనా తప్పే కానీ, ఇక్కడ రెండు చేతులు ఎత్తితే పూజారి మందలిస్తాడు. భక్తులు ఒక చేత్తో పక్కవారి చెయ్యి పట్టుకుని, రెండోది ఎత్తి మొక్కుతారు. అలా మొక్కినవారి ఇంట లోతుకు దిగినవాడు క్షేమంగా పైకి వస్తాడని నమ్మకం. చంకలో బిడ్డ ఉన్న తల్లిని మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోమనరు. వరుసలో ఆమెను ముందుకు పంపుతారు. ఒక చెయ్యి ఖాళీ లేనివారి దండమే అమ్మకు ముందు చేరుతుందట.